మొక్కల సారంతో క్యాన్సర్ కణాలను చంపే పరిశోధనలు ఇంకా అవసరమా?

మూడో_ఏడు

మూడేళ్ళుగా ఒక మొక్క మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆకులు ఎండబెట్టి, మెథనాల్‌లో నానబెట్టి, వచ్చిన సారాన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద వేసి, 48 గంటల తర్వాత ఎన్ని బతికాయో ఎంటీటీ పరీక్షలో చూస్తాం. నా సారానికి ఐసీ-50, అంటే సగం కణాలను అణచడానికి పట్టే మోతాదు, మిల్లీలీటరుకు 60 మైక్రోగ్రాములు వచ్చింది. ల్యాబ్‌లో అందరూ సంతోషించారు, పేపర్ రాయడం మొదలుపెట్టాం.

పోయిన వారం మా విభాగానికి వచ్చిన ఒక మందుల రసాయన శాస్త్రవేత్త నా పోస్టర్ ముందు ఆగి, "ఆ కణాల మీద సబ్బు నీళ్ళు పోసినా చస్తాయి కదమ్మా, నీ సారం అంతకంటే ఎక్కువ ఏం చేసింది?" అని అడిగారు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు.

అందుకే అడుగుతున్నాను. ప్రొటీన్ ఆకారం చూసి, దానికి సరిపోయే అణువును తయారు చేసుకోగల ఈ రోజుల్లో ఇంకా మొక్కలను జల్లెడ పట్టడం అవసరమా? ఈ డబ్బూ, మాలాంటి వాళ్ళ ఏళ్ళూ అటు పెట్టాల్సినవి కావా?

లిగాండ్

సూటిగా చెప్తాను, బాధపడకండి. అవసరం లేదు.

నేను కైనేజ్ ఇన్‌హిబిటర్ల మీద, అంటే కణాన్ని పెరగమని సంకేతమిచ్చే ప్రొటీన్లను ఆపే మందుల మీద పనిచేస్తాను. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ సంగతి చూడండి. 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు అటూ ఇటూ మారి, బీసీఆర్-ఏబీఎల్ అనే ఒక ప్రొటీన్ ఆగకుండా పనిచేస్తుంది. రోగమంతా దాని మీదే నిలబడి ఉంది. దాన్ని ఆపడానికి తయారు చేసిన ఇమాటినిబ్ 2001లో అనుమతి పొందింది. దానితో చికిత్స మొదలుపెట్టిన వాళ్ళలో పదేళ్ళ తర్వాత బతికి ఉన్నవాళ్ళు 83 శాతం. రోజూ మాత్ర వేసుకుని పనికి వెళ్ళొస్తారు.

చాలా క్యాన్సర్లలో కనిపించే కేఆర్‌ఏఎస్ అనే ప్రొటీన్ కూడా అంతే. దాన్ని మందుతో పట్టలేమని దశాబ్దాలు వదిలేశారు. 2013లో దానిలో ఒక మ్యూటేషన్ (జన్యువులో వచ్చే మార్పు) పక్కన చిన్న గుంట దొరికింది, దాంట్లో కూర్చునే అణువులు కట్టారు, 2021లో సోటోరాసిబ్ మందుగా వచ్చింది.

మొక్క మన మ్యూటేషన్ కోసం ఏ అణువునూ తయారు చేయదు. పురుగుల నుంచి, పశువుల నుంచి తనను కాపాడుకోవడానికి విషం తయారు చేసుకుంటుంది. ఆ విషం విభజన చెందే ప్రతి కణాన్నీ కొడుతుంది. జుట్టు రాలడం అందుకే.

బెరడు

లిగాండ్ గారు చెప్పిన రెండు కథలూ నిజమే. కానీ రెండింటిలోనూ శత్రువు ఎవరో ముందే తెలుసు. తెలియనప్పుడు ఏం చేస్తారు?

టాక్సాల్ అనే క్యాన్సర్ మందు చూడండి. 1962లో పసిఫిక్ యూ చెట్టు బెరడు సేకరించారు. మన్రో వాల్, మన్సుఖ్ వానీ దాని నిర్మాణాన్ని 1971లో ప్రచురించారు. అది కణంలో ఏం చేస్తుందో 1979లో సూసన్ హార్విట్జ్ చూపించేదాకా తెలియదు. అప్పటికి తెలిసిన విషాలు మైక్రోట్యూబ్యూల్స్, అంటే కణం చీలడానికి కావాల్సిన సన్నని గొట్టాలు, కట్టుకోకుండా అడ్డుకునేవి. ఇది పూర్తిగా తిరగబడ్డ పని చేస్తుంది. కట్టుకున్నవి విడిపోకుండా బిగించేస్తుంది, దాంతో కణం రెండుగా చీలలేక చస్తుంది. ఇలా కూడా కణాన్ని చంపొచ్చని అంతకుముందు ఎవరికీ తట్టలేదు. ఊహకు రాని దాన్ని డిజైన్ ఎలా చేస్తారు? ఆ దారి చూపించింది చెట్టే.

కాంప్టోథెసిన్ కథ దీనికంటే నాకు ఇష్టం, కొంచెం వివరంగా చెప్తాను. అదీ వాల్, వానీలదే, 1966. చైనాలో పెరిగే కాంప్టోథెకా చెట్టు నుంచి తీశారు. నీళ్ళలో కరగదు కాబట్టి 1970లలో సోడియం లవణంగా మార్చి రోగులకు ఇచ్చారు. అలా మార్చడంలో అణువులోని లాక్టోన్ వలయం తెరుచుకుపోయి, పనితనం చాలావరకు పోయింది. పైగా మూత్రాశయంలో రక్తస్రావం. పక్కన పెట్టేశారు. 1985లో అది పట్టుకునేది డీఎన్‌ఏ మెలికలు విప్పే టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమ్‌నని తెలిసింది. అప్పటిదాకా ఆ ఎంజైమ్‌ను క్యాన్సర్ మందుకు గురిగా ఎవరూ చూడలేదు. ఆ తర్వాత రసాయన శాస్త్రవేత్తలు వలయాన్ని కాపాడుతూనే కరిగేలా మార్చారు. టోపోటెకాన్, ఇరినోటెకాన్ రెండూ 1996లో అమెరికాలో అనుమతి పొందాయి.

లిగాండ్

మీ లెక్కే తీసుకోండి. చెట్టు బెరడు 1962లో, టాక్సాల్ మందుగా వచ్చింది 1992 చివర్లో. ముప్పై ఏళ్ళు. కాంప్టోథెసిన్‌కూ అంతే. 1960 నుంచి 1982 వరకు అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ లక్షకు పైగా మొక్కల సారాలను పరీక్షించింది. చేతికొచ్చిన మందులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సరఫరా సంగతి కూడా ఉంది. బెరడు ఒలిస్తే యూ చెట్టు చచ్చిపోతుంది. ఆకుల్లో దొరికే పూర్వపదార్థం నుంచి సగం కృత్రిమంగా తయారు చేసే దారి పియర్ పోటియే, రాబర్ట్ హోల్టన్ లాంటి కెమిస్టులు వేయకపోతే ఆ మందు ఎంతమందికి అందేది?

వార్డు_డ్యూటీ

నేను పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేస్తాను. మీ ఇద్దరి వాదనా చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది. మొక్కల మందుకూ డిజైన్ చేసిన మందుకూ మధ్య మీరు గీసిన ఆ గీత మా వార్డులో కనిపించదు.

లింఫోబ్లాస్టిక్ లుకేమియా ఉన్న ఒక్క పాపకు మేమిచ్చేవి ఏమిటో చూడండి. విన్‌క్రిస్టిన్ బిళ్ళగన్నేరు నుంచి. దాని జంట విన్‌బ్లాస్టిన్‌ను 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ కనిపెట్టారు. ఆ మొక్క మధుమేహానికి పనిచేస్తుందని విని ఎలుకలకు ఇస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. డానోరూబిసిన్ మట్టిలోని బ్యాక్టీరియాది. ఆస్పరాజినేజ్ ఇంకో బ్యాక్టీరియాది. సైటరబిన్ పూర్తిగా ల్యాబ్‌లో చేసిందే, కానీ ఆలోచన వచ్చింది కరీబియన్ సముద్రపు స్పంజిలో దొరికిన వింత న్యూక్లియోసైడ్ల (డీఎన్‌ఏ కట్టే ముక్కల్లాంటి అణువుల) నుంచి. మెథోట్రెక్సేట్ కూడా కృత్రిమమే. కానీ దాని పుట్టుక ఆకుల్లో దొరికే ఫోలిక్ ఆమ్లం. ఆ విటమిన్‌ను కొద్దిగా మార్చి, కణాన్ని మోసం చేసే అణువులను లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారు చేస్తే, వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో కొంతకాలమైనా రోగం వెనక్కి తగ్గడం చూపించారు. ఈ పేరు దగ్గర నేను ప్రతిసారీ ఒక క్షణం ఆగుతాను.

ఇవన్నీ కలిస్తేనే పాప ఇంటికి వెళ్తుంది. ఏ ఒక్కదానితోనూ సరిపోదు.

మరో సంగతి. మేటాన్సిన్ అని ఆఫ్రికా పొద నుంచి 1972లో తీసిన విషం ఉంది. మనిషికి ఇస్తే తట్టుకోలేకపోయాడు, వదిలేశారు. దాని రూపాంతరాన్ని యాంటీబాడీకి కట్టి, కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే హెర్-2 అనే ప్రొటీన్ ఉన్న కణం దగ్గరికే చేరేలా చేస్తే 2013లో రొమ్ము క్యాన్సర్ మందు అయింది. డోలాస్టాటిన్ అనే సముద్రజీవి విషానిదీ ఇదే కథ. లిగాండ్ గారు ప్రతి కణాన్నీ కొడుతుందన్నారే, ఆ లోపానికి రసాయన శాస్త్రమే ఇలా మందు కనిపెట్టింది.

అమ్మకోసం

నేను సైన్స్ మనిషిని కాదు. వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. మా అమ్మకు పెద్దపేగు క్యాన్సర్. ఇరినోటెకాన్ ఎక్కిస్తున్నారు. విరేచనాలతో చాలా నీరసపడింది. ఆ సమయంలో ఒక బంధువు ఫోన్‌లో మెసేజ్ పంపారు, ఫలానా ఆకు పొడి క్యాన్సర్ కణాలను చంపుతుందని పరిశోధనలో తేలిందట. కింద నిజంగానే ఒక పేపర్ ఉంది. పెద్ద పెద్ద పదాలు, గ్రాఫులు. అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. మందు ఎక్కించే రెండు సైకిళ్ళు (విడతలు) మానేసి ఆ పొడి వాడింది. తర్వాత స్కాన్‌లో గడ్డ పెరిగింది.

ఇప్పుడు మళ్ళీ మందు మొదలుపెట్టారు. ఎవరినీ తిట్టడానికి రాలేదు. మూడో ఏడు గారూ, మీ పేపర్ కూడా ఒకరోజు ఇలాగే ఎవరి ఫోన్‌కో వస్తుంది. అందులో ఒక్క వాక్యం, ఇది మనుషుల మీద చూడలేదు అని, మొదట్లోనే ఉంటే నేను ఆగేదాన్ని.

డాక్టరు గారూ, ఇప్పుడు మందుతో పాటు ఆ పొడి కూడా వాడొచ్చా అని అమ్మ అడుగుతోంది.

వార్డు_డ్యూటీ

వద్దమ్మా. అమ్మగారి డాక్టరుకు ఆ పొడి సంగతి రేపే చెప్పండి, డబ్బా కూడా తీసుకెళ్ళి చూపించండి. దాచొద్దు, వాళ్ళు కోప్పడరు.

ఎందుకు వద్దంటున్నానంటే, ఇరినోటెకాన్ శరీరంలో ఎస్‌ఎన్-38 అనే చురుకైన రూపంగా మారి పనిచేస్తుంది. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక వాడితే రక్తంలో ఆ ఎస్‌ఎన్-38 42 శాతం పడిపోయింది. 2002లో వచ్చిన ఐదుగురు రోగుల చిన్న అధ్యయనమే అది, కానీ కారణం స్పష్టం. మందులను విరగ్గొట్టే కాలేయపు ఎంజైమును ఆ మూలిక ఎగదోస్తుంది. అంటే మందు ఎక్కుతూనే ఉంటుంది, పని మాత్రం తగ్గిపోతుంది. మీ పొడి అదే కాకపోవచ్చు. అందులో ఏముందో చూడకుండా కలపకూడదు.

అమ్మగారికి ఇంకో మాట చెప్పండి. ఆవిడ నమ్మింది చెట్టునే కదా. ఇప్పుడు ఎక్కిస్తున్నది కూడా చెట్టు నుంచి వచ్చిందే, పైన బెరడు గారు చెప్పిన కాంప్టోథెకా నుంచి. తేడా ఏమిటంటే దాన్ని ముప్పై ఏళ్ళు పరీక్షించారు, చుక్కలో ఎంతుందో తెలుసు, విరేచనాలు మొదలైతే ఏం చేయాలో తెలుసు. విరేచనాల గురించి ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు, రాత్రైనా సరే.

వైద్యం పూర్తిగా మాని ప్రత్యామ్నాయం మాత్రమే ఎంచుకున్న 281 మందిని అమెరికాలో వైద్యం తీసుకున్నవాళ్ళతో పోల్చి 2018లో ప్రచురించారు. ఇంకా వేరే అవయవాలకు పాకని క్యాన్సర్లే అవన్నీ. మరణ ప్రమాదం రెండున్నర రెట్లు. మీ అమ్మగారు రెండు సైకిళ్ళకే వెనక్కి వచ్చారు, అది మంచిపని.

బెరడు

అమ్మకోసం గారి పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను ఈ రంగాన్ని సమర్థించేవాణ్ణి. తప్పు కూడా మా రంగంలోనే ఉంది.

మొక్కలను వెతకడం తప్పు కాదు. ల్యాబ్‌లో కణాలు పెంచే పళ్ళెం దగ్గర ఆగిపోవడం తప్పు. మూడో ఏడు గారూ, ముడి సారానికి సాధారణంగా 20, 30 మైక్రోగ్రాముల లోపు వస్తేనే ముందుకు వెళ్తారు. 60 అంటే వదిలేయాల్సిందని కాదు, అసలైన అణువు చాలా పలచగా ఉండి ఉండొచ్చు. కానీ దాన్ని విడదీసి చూడాలి. ఒక్కో భాగాన్నీ కణాల మీద పరీక్షిస్తూ, పనిచేసే భాగాన్నే మళ్ళీ విడదీస్తూ పోవాలి. దానికంటే ముందు అణువుల బరువు తేల్చే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి, అది చాలా మొక్కల్లో ఉండే, ఎప్పుడో తెలిసిన ఉర్సోలిక్ ఆమ్లమో, క్వెర్సెటినో కాదని తేల్చుకోండి. మామూలు కణాల మీద కూడా వేసి చూడండి, మీ పోస్టర్ ముందు ఆగినాయన అడిగింది అదే. కణాల గుర్తింపు పరీక్ష కూడా చేయించండి. ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలను ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని వాడారు, అవి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌వని తేలింది.

పసుపులో ఉండే కర్క్యుమిన్ ఏమైందో గుర్తుంచుకోండి. పరీక్షనే తప్పుదోవ పట్టించే గుణం ఉన్న అణువు అది. తనే మెరుస్తుంది, ప్రొటీన్లకు అంటుకుంటుంది, ద్రావణంలో విరిగిపోతుంది, రక్తంలోకి చేరేది అతి స్వల్పం. వేల పేపర్లు వచ్చాక 2017లో మందుల రసాయన శాస్త్రవేత్తలు అన్నీ తిరగేసి, డమ్మీ మందుతో పోల్చి రోగికీ డాక్టరుకూ తెలియకుండా చేసిన ట్రయల్ ఒక్కటీ నెగ్గలేదని రాశారు.

లిగాండ్

బెరడు గారు ఇలా చేయిస్తారంటే నాకు అభ్యంతరం తక్కువే. 1981 నుంచి 2019 దాకా వచ్చిన 185 చిన్న అణువుల క్యాన్సర్ మందుల్లో 62 సహజమైనవో, వాటిని మార్చి చేసినవో అని ఒక లెక్క ఉంది. మూడో వంతు. చిన్న సంఖ్య కాదు, ఒప్పుకుంటాను. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కూడా డిజైన్ కాదు. 1845 నుంచి తెలిసిన పదార్థం, 1965లో బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూస్తుంటే అనుకోకుండా బయటపడింది.

అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. మాస్ స్పెక్ట్రోమీటర్ గానీ, విడదీసే పరికరాలు గానీ, అవి నడపడం నేర్పే మనిషి గానీ లేని చోట ఒక విద్యార్థికి ఈ పని అప్పగించకూడదు. పళ్ళెం దగ్గర ఆగిపోతున్నది బద్ధకం వల్ల కాదు, తర్వాతి మెట్టు ఎక్కడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేక. అది విద్యార్థి తప్పు కాదు, అప్పగించినవాళ్ళది.

మూడో_ఏడు

అందరికీ నమస్కారం. మా దగ్గర మాస్ స్పెక్ట్రోమీటర్ లేదు. వేరే విశ్వవిద్యాలయంలో ఒక ల్యాబ్‌కు రాశాను, నాలుగు భాగాలు పంపమన్నారు. గైడ్‌తో మాట్లాడాను. మామూలు రొమ్ము ఎపిథీలియల్ కణాలు, ఎంసీఎఫ్-10ఏ, తెప్పిస్తామన్నారు. అవి వచ్చేదాకా పేపర్ ఆపమని అడిగాను, మొదట ఒప్పుకోలేదు, నిన్న సాయంత్రం ఒప్పుకున్నారు.

అమ్మకోసం గారూ, మీరు అడిగిన వాక్యం సారాంశంలో మొదటి వాక్యంగా పెట్టాను. "ఈ ఫలితాలు పళ్ళెంలోని కణాల మీద మాత్రమే, జంతువుల మీద గానీ మనుషుల మీద గానీ చూడలేదు." గైడ్ దాన్ని చివరికి మార్చమంటే, మీ పోస్టు చూపించాను. అక్కడే ఉంచమన్నారు. అమ్మగారికి ఎలా ఉంది?

అమ్మకోసం

నిన్న మూడో సైకిల్ అయింది. పొడి డబ్బా డాక్టరుకు ఇచ్చేశాను, పరీక్షకు పంపుతామన్నారు. విరేచనాలు ఈసారి మొదలవగానే ఫోన్ చేశాను, మాత్ర చెప్పారు, తగ్గాయి. చెట్టు సంగతి చెప్తే అమ్మ ఆ మందు సంచీ వైపు చాలాసేపు చూసింది. ఆ చెట్టు ఎలా ఉంటుందో బొమ్మ ఉంటే చూపించమంటోంది. ఎవరి దగ్గరైనా ఉందా?

బెరడు

ఉంది. మొత్తం చెట్టుది ఒకటి, గుండ్రంగా బంతుల్లా ఉండే కాయలది ఒకటి. ఇప్పుడే పంపిస్తున్నాను.