వాల్వు ఏఎం ట్రాన్స్‌మిటర్లంటే ఇంకా ఎందుకంత ఇష్టం?

కొత్త_హామ్:
హామ్ రేడియో (సరదాగా సొంత రేడియోతో మాట్లాడుకునే హాబీ) లైసెన్స్ వచ్చి ఏడాదైంది. నా చిన్న ట్రాన్సిస్టర్ సెట్‌లో ఏఎం (గొంతుకు తగ్గట్టు రేడియో తరంగం బలాన్ని మార్చే పాత పద్ధతి), ఎస్ఎస్‌బి (అందులో మాట ఉన్న ఒక పక్క భాగాన్నే పంపే పద్ధతి) అన్నీ ఉన్నాయి, బటన్ నొక్కితే చాలు. కానీ సీనియర్లు కొందరు 1950ల నాటి హీత్‌కిట్ డీఎక్స్-100 లాంటి వాల్వు (గాజు గొట్టాల) ట్రాన్స్‌మిటర్లు వెతికి మరీ తెచ్చుకుంటున్నారు. అది 40 కిలోలకు పైనే ఉంటుంది, పైగా ఏఎంలో పవర్ ఎక్కువ భాగం క్యారియర్‌కే, అంటే మాట లేని మూల తరంగానికే పోతుంది కదా. పాతదన్న మోజు కాకుండా ఇంకేమైనా ఉందా? తెలుసుకోవాలనే అడుగుతున్నా.

గాజు_గొట్టం:
లెక్క ప్రకారం మీరన్నది నిజమే. 100 శాతం మాడ్యులేషన్‌లో కూడా మూడింట రెండొంతుల పవర్ క్యారియర్‌దే, మాటను మోసేది మిగతా ఒక్క వంతే. కానీ ఒకసారి ఆ సెట్ ముందు కూర్చోండి. డీఎక్స్-100 ఫైనల్‌లో (యాంటెన్నాకు పవర్ ఇచ్చే చివరి దశలో) రెండు 6146 వాల్వులు, మాడ్యులేటర్‌లో (గొంతును తరంగం మీదికి ఎక్కించే భాగంలో) రెండు 1625 వాల్వులు ఉంటాయి. మీరు మైకులో మాట్లాడితే ఆ 1625లు మీ గొంతును పెంచి, మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ఫైనల్ వాల్వుల ప్లేట్ (లోపలి పాజిటివ్ లోహపు రేకు) వోల్టేజీ మీదికి ఎక్కిస్తాయి, గట్టిగా పలికినప్పుడు ఆ వోల్టేజీ ఒక క్షణం దాదాపు రెట్టింపై మరుక్షణం సున్నా దగ్గరికి దిగుతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రేకులు వణుకుతూ మీ మాటనే సన్నగా తిరిగి పలుకుతాయి. మొదటిసారి అది విని నేను మాట మధ్యలోనే ఆగిపోయాను.

ప్లేట్_డిప్:
నాకైతే ట్యూనింగే ఇష్టం. ప్లేట్ నాబ్ మెల్లగా తిప్పుతుంటే ప్లేట్ కరెంటు చూపే మీటర్ ముల్లు దిగుతూ దిగుతూ ఒకచోట మళ్లీ లేస్తుంది, ఆ అడుగునే (డిప్) రెజొనెన్స్, అంటే సర్క్యూట్ మన ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కుదిరిన చోటు. లోడింగ్ (యాంటెన్నా వైపు పవర్ లాగడం) కాస్త పెంచి మళ్లీ డిప్ వెతకాలి. పొరపాటు చేస్తే ప్లేట్ ఎర్రబడి హెచ్చరిస్తుంది, ట్రాన్సిస్టర్ అయితే చెప్పాపెట్టకుండా పోతుంది. వినేవాళ్లకీ సుఖమే, ఎస్ఎస్‌బిలా ఫ్రీక్వెన్సీ కొంచెం జరగ్గానే గొంతు మారిపోదు.

బ్లీడర్:
ఇష్టం సరే, జాగ్రత్త కూడా చెప్పాలి. లోపల వందల వోల్టులుంటాయి, స్విచ్ ఆపేసినా కెపాసిటర్లలో మిగిలే ఉంటాయి. నేను తెరిచిన ఒక సెట్‌లో బ్లీడర్ రెసిస్టర్ (ఆపేశాక కెపాసిటర్లను ఖాళీ చేసేది) కాలిపోయి ఉంది. ప్లగ్ తీసి గంటైంది కదా అని చెయ్యి పెట్టబోయి, ఎందుకో ముందు మీటర్ పెట్టాను, ఇంకా 300 వోల్టులు! అప్పట్నుంచి మీటర్‌తో చూసి, ఎర్త్ కర్ర (మిగిలిన చార్జిని ఎర్త్‌లోకి దింపే, వైరు కట్టిన కర్ర) తగిలించాకే చెయ్యి పెడతాను. ఏళ్లుగా మూలన పడున్న సెట్‌ని నేరుగా మెయిన్స్‌కి మాత్రం పెట్టకండి, పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ముందు మార్చండి.

కొత్త_హామ్:
అందరికీ థ్యాంక్స్. డీఎక్స్-100 ఉన్న ఒక సీనియర్‌ని అడిగాను, ఆదివారం రమ్మన్నారు. యాంటెన్నా లేకుండా డమ్మీ లోడ్ (పవర్‌ని వేడిగా మార్చేసే రెసిస్టర్) మీద నడుపుతారట, స్పీకర్లేవీ ఉండవు కాబట్టి ఆ ట్రాన్స్‌ఫార్మర్ గొంతు బాగా వినిపిస్తుందన్నారు.