సమస్య: కుడికి జరుప వస్తు వెడమ కరిగె

సభాపతి: మనవడి సైన్సు హోంవర్కు పుణ్యమా అని నిన్న సాయంత్రమంతా మైక్రోస్కోపుకు కన్ను అప్పగించాను. ఈ పాదం అక్కడే పుట్టింది; ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. ‘వెడమ కరిగె’ అంటే ఎడమకు అరిగె, అంటే వెళ్ళింది; కరగడం కాదు. రాజకీయాలు వద్దు. కుడి, ఎడమ అనగానే కొందరికి చెయ్యి దురద.

రిటైర్డు బాటనీ:
ఉల్లి పొరను గాజు నుంచి చూచెడు వేళఁ
గంటి కద్ద మందు గడులు దోఁచె
నంచు నున్న దాని నరసి చూడఁగఁ గోరి
కుడికి జరుప వస్తు వెడమ కరిగె

పటికబెల్లం: ‘గడులు’ అమోఘం మాస్టారూ! 1665లో శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ బెరడులో చూసిందీ గదులనేగా. కానీ ‘గాజు నుంచి చూచెడు’ అంటే గాజులోంచి చూస్తున్నట్టుంది. గాజున ఉంచడం ఎక్కడ?

రిటైర్డు బాటనీ: గాజులోంచి కాక ఇంక దేంట్లోంచి చూస్తామమ్మా? శ్లేష అనుకో.

చెన్నపురి పంతులు: శ్లేష కాదు, గోడ దూకడం. పోయిన నెల కుక్క వేదం చదివిన పూరణలో గణం తప్పితే ‘ఆర్షప్రయోగం’, అంటే ఋషుల వాడుక, తప్పు పట్టరాదు అన్నది తమరే. ఇదిగో నాది. సికింద్రాబాదు, 1897 ఆగస్టు 20, మలేరియాను మోసేది దోమేనని తేల్చిన రాస్ దొర:

దోమ పొట్టఁ గోసి దొర చెమటోడ్చుచుఁ
జూడఁ గడుపు గోడఁ జుక్క దోఁచె
నదియె చాలు ననుచు నడుమకుఁ దేఁబోయి
కుడికి జరుప వస్తు వెడమ కరిగె

పటికబెల్లం: చెమట మాట అక్షరాలా నిజం. దోమలు ఎగిరిపోతాయని పంకా వద్దన్నాడట. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి.

రిటైర్డు బాటనీ: తుప్పు మూడో పాదానికీ పట్టింది. ‘దోఁచె నదియె’లో నకారం ద్రుతం, సంధిలో వచ్చి చేరింది; కనుక యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత, అకారానిది. ‘నడుమ’తో పెళ్ళెలా చేశారు పంతులుగారూ? ఆర్షప్రయోగమా?

చెన్నపురి పంతులు: ‘నందుకోఁ దలపోసి’ అని సవరించాను. కడుపు చల్లబడిందా?

రిటైర్డు బాటనీ: దోమ కడుపా, నాదా?

ల్యాబు పిల్ల: నాకు ఛందస్సు రాదండీ, రోజూ రక్తం స్లైడులు చూస్తాను. ముందు పదిరెట్లు పెద్దగా చూపే కటకం, 10ఎక్స్‌లో వెతికి నడుమకు తెచ్చుకున్నాకే నూనె చుక్క వేసి 100ఎక్స్‌కి వెళ్ళాలి. తిన్నగా 100లో వెతికితే దొరకదు. కుడి అంచున కనబడిందా, స్లైడును ఇంకా కుడికే తోయాలి, అప్పుడే నడుమకొస్తుంది. మాకిది సమస్యే కాదు!

సభాపతి: పైకి తోస్తే?

ల్యాబు పిల్ల: కిందికొస్తుందండీ. అంతా తలకిందులే.

చెన్నపురి పంతులు: మాస్టారు నా యతిని ఏ కటకంలోంచి చూశారో ఇప్పుడు తెలిసింది.