16ఎస్‌లో 4 శాతం తేడా వచ్చింది. కొత్త కప్ప జాతి అనొచ్చా?

బురదకాళ్లు: నమస్కారమండీ. ఒకే వాగు దగ్గర పట్టిన మూడు మగకప్పలున్నాయి. 16ఎస్ జన్యువులో సుమారు 540 బేసులు (డీఎన్ఏ అక్షరాలు) చదివిస్తే, దగ్గరి జాతికీ వీటికీ 4 శాతం తేడా వచ్చింది. పైకి పెద్దగా తేడా లేదు. కర్ణభేరి కాస్త చిన్నది, వెనక కాలి వేళ్ల మధ్య చర్మం కొంచెం తక్కువ, అంతే. అరుపు ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డయింది. ఆడకప్ప దొరకలేదు. ఈ సరంజామాతో పేపరు రాయొచ్చా?

జన్యుశాల: ఇప్పుడే వద్దు. 16ఎస్‌లో 3 శాతం దాటితే అనుమానించాలన్నది కప్పల మీద పనిచేసేవాళ్లు వాడే ముతక జల్లెడ. కొత్త జాతి అనడానికి అదొక్కటే చాలదు.

ముందు ఇది చెప్పండి: పోల్చిన ఆ 'దగ్గరి జాతి' సీక్వెన్స్ ఏ ఊరి కప్పది? అందరూ సీక్వెన్సులు దాచే జెన్‌బ్యాంక్ అనే భాండాగారంలో పేరు తప్పుపడ్డ సీక్వెన్సులు బోలెడు. ఆ జాతిని మొదట వర్ణించిన చోటు, అంటే టైప్ లొకాలిటీ నుంచి వచ్చిన నమూనాతో పోల్చకపోతే, అసలు జాతి మీ చేతిలోనే ఉండి, దానికే మళ్లీ కొత్త పేరు పెట్టే ప్రమాదముంది.

ఇంకోటి, 16ఎస్ మైటోకాండ్రియాది, తల్లి వైపు నుంచి మాత్రమే వస్తుంది. ఎప్పుడో జరిగిన సంకరంతో పక్క జాతి మైటోకాండ్రియా ఇటు చేరి ఉండొచ్చు. కనీసం కొన్ని న్యూక్లియర్ (కణకేంద్రకంలోని) జన్యువులు కూడా అదే మాట చెప్పాలి. మీ వాగుకీ ఆ టైప్ లొకాలిటీకీ మధ్యలో ఉన్న కప్పల్ని కూడా చూడండి. రెండు కొసలే చూస్తే, దూరంతో పాటు మెల్లగా పెరిగే తేడా కూడా రెండు జాతుల్లా కనబడుతుంది.

రాత్రిపాట: అరుపు సంగతి. ఫోన్ చాలాసార్లు ఫైలును కుదించేస్తుంది, శబ్దాన్ని తనంతట తనే హెచ్చించి తగ్గిస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫార్మాట్, ఆటో గెయిన్ ఆపేసి, కప్పకు మీటరు దూరంలో మైకు. రికార్డవగానే అక్కడి గాలి ఉష్ణోగ్రత రాసుకోండి, నీళ్లలో కూర్చుని అరుస్తుంటే నీటిది కూడా. అది లేని రికార్డింగు పోలికకు దాదాపు పనికిరాదు. పల్స్ రేటు, అంటే అరుపులో సెకనుకి వచ్చే శబ్దపు తునకల లెక్క, ఉష్ణోగ్రతతో మారుతుంది, ప్రధాన పౌనఃపున్యం (అరుపులో అన్నిటికంటే బలంగా ఉండే స్వరస్థాయి) ఒంటి పరిమాణంతో మారుతుంది.

డ్రయోఫైటిస్ వెర్సికలర్, డ్రయోఫైటిస్ క్రైసోసెలిస్ అనే ఉత్తర అమెరికా చెట్టుకప్పల్ని చూడండి. మొదటిదానికి క్రోమోజోములు నాలుగు సెట్లు, రెండోదానికి రెండే. కంటికి రెండూ ఒకటే, పల్స్ రేటుతోనే తేడా పట్టాలి. అయితే చల్లటి రాత్రి క్రైసోసెలిస్ నెమ్మదించి, వెచ్చటి రాత్రి వెర్సికలర్ వేగానికి దగ్గరగా వచ్చేస్తుంది. ఉష్ణోగ్రత రాయకపోతే ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటారు.

అన్నిటికంటే ముఖ్యం, అరిచిన కప్పనే పట్టాలి. పక్కనున్నదాన్ని పడితే ఆ అరుపు ఎవరిదో ఎప్పటికీ తేలదు.

సీసామూత: నమూనాల వరస తప్పితే దిద్దుకోలేరు. ముందు ఫొటోలు: వీపు, పొట్ట, పక్క, అరచేతులు, తొడల వెనక భాగం. బతికున్నప్పటి రంగు ద్రావణంలో మిగలదు. అనుమతులు, నైతిక నియమాలు చూసుకుని మత్తిచ్చి చంపాక (ఎంఎస్-222 అనే మత్తుమందు ఆమ్లగుణం గలది, సోడియం బైకార్బొనేట్‌తో సరిచేయాలి) కాలేయమో తొడ కండరమో కాస్త కోసి 95 శాతం పైబడిన ఇథనాల్‌లో వేయండి. ఇది ఫార్మలిన్ తగలకముందే జరగాలి, ఎందుకంటే ఫార్మలిన్ డీఎన్ఏని అతికించి పాడుచేస్తుంది. ఒక్కో కప్పకీ కత్తెర తుడవాలి.

తర్వాత ట్రేలో కాళ్లూ వేళ్లూ విడదీసి పడుకోబెట్టి 10 శాతం ఫార్మలిన్ (మార్కెట్ ద్రావణం ఒక వంతు, నీళ్లు తొమ్మిది), కప్ప బిగుసుకున్నాక నీళ్లలో కడిగి 70 శాతం ఇథనాల్. వేళ్లు ముడుచుకుని గట్టిపడితే చర్మం ఎంతుందో కొలవలేరు. మీ తేడాల్లో ఒకటి అదే కదా! ట్యాగు నంబరు కణజాలానికీ, ఫొటోకీ, రికార్డింగుకీ ఒకటే ఉండాలి.

కొలతలు ఒక్కరే తీయాలి, అన్నిటికీ ఒకే వైపు, 0.1 మి.మీ. దాకా. తాజా కప్పని ఏళ్లనాటి మ్యూజియం కప్పతో పోల్చకండి, నిల్వలో ఒళ్లు కుంచించుకుపోతుంది. చిన్న కర్ణభేరి అన్నది అలా వచ్చిన తేడా కూడా కావచ్చు.

పాతపేర్లు: అందరూ తేలిగ్గా తీసుకునేది నా భాగం. ఆ ప్రజాతిలో (జీనస్‌లో) ఇప్పుడు చెల్లుతున్న పేర్లు చూస్తే సరిపోదు, పర్యాయపదాలుగా మూలన పడేసినవీ చూడాలి. మీ కప్పకి నూరేళ్ల కిందటే ఎవరో పేరు పెట్టి ఉంటే, తర్వాతివాళ్లు దాన్ని వేరే జాతిలో కలిపేసి ఉంటే, ఆ పేరే తిరిగి లేస్తుంది. అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వారి ఆంఫీబియన్ స్పీషీస్ ఆఫ్ ది వరల్డ్ అనే ఆన్‌లైన్ సూచికలో పర్యాయపదాల జాబితా ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి మూల వర్ణనలు చదవండి, టైప్ నమూనాల్ని (పేరు పెట్టినప్పుడు ఆధారం చేసుకున్న కప్పల్ని) మ్యూజియంలో చూడండి, లేదా ఫొటోలు తెప్పించుకోండి.

ఫెజర్వార్యా లిమ్నోకారిస్ సంగతే తీసుకోండి. అందులో లిమ్నోకారిస్ అన్నది 1829లో గ్రావెన్‌హోర్స్ట్ జావా కప్పకి పెట్టిన పేరు. ఆసియాలో చాలా చోట్ల దొరికే పొలంకప్పలకి చాలాకాలం అదే తగిలించారు. విడదీయడం మొదలయ్యాక ఒక్కో చోటా అడగాల్సి వచ్చిన మొదటి ప్రశ్న, ఇక్కడి కప్పకి పాత పేరు ఇదివరకే ఉందా అని.

పేపర్లో మర్చిపోకూడనివి కొన్ని. కొత్త జాతి అని స్పష్టంగా రాయాలి, హోలోటైప్, అంటే ఆ పేరుకి ఆధారమయ్యే ఒక్క నమూనా, ఫలానా నంబరని చెప్పాలి, అది ఏ సంస్థ భద్రతలో ఉందో రాయాలి, ఏ లక్షణాలతో వేరో మాటల్లో చెప్పాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పేపరైతే ప్రచురణకి ముందే జంతువుల పేర్ల అధికారిక రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదై, ఆ ఆధారం పేపర్లోనే కనబడాలి. ఇది 2012 నుంచీ ఉన్న నియమం. తప్పితే పేపరు వెలువడినా పేరు చెల్లదు.

బురదకాళ్లు: ఆడకప్ప లేకపోయినా పరవాలేదా మరి?

పాతపేర్లు: జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళికి ఒక్క హోలోటైప్ చాలు, ఆడా మగా పట్టింపు లేదు. అరుపు రికార్డయిన మగకప్పనే హోలోటైప్ చేయండి. కానీ మూడింటితో కర్ణభేరి, చర్మం ఎంతమేర మారతాయో చెప్పలేరు, రివ్యూయర్ మొదట పట్టుకునేది అదే. వచ్చే సంతాన రుతువులో ఉష్ణోగ్రతతో సహా ఇంకొన్ని అరుపులు, టైప్ లొకాలిటీ నుంచి కణజాలం తెచ్చుకుని అప్పుడు మొదలెట్టండి. పేరు ఎవరి గౌరవార్థమైనా పెడితే ఒక పురుషుడికి చివర 'ఐ' (-i), స్త్రీకి 'ఏఈ' (-ae). అదే విశేషణమైతే ప్రజాతి లింగాన్ని బట్టి మారుతుంది.