కొత్త మందుల పరీక్షలు సర్కారు పెద్దాసుపత్రిలో పెట్టొచ్చా?

కాలవగట్టు:
మా జిల్లా బోధనాసుపత్రిలో క్లినికల్ ట్రయల్స్‌కి విడిగా వార్డు తెరుస్తారని అంటున్నారు. మా చిన్నాన్న షుగరుకి అక్కడే చూపించుకుంటాడు. "ఇక మనమీదే ప్రయోగాలట్రా" అని నిన్నటినుంచి ఒకటే గొణుగుడు. నాకూ అదే అనిపిస్తోంది. కంపెనీలు తమ సొంత సెంటర్లలో చేసుకోక, పేదోళ్లు వచ్చేచోట ఈ గొడవెందుకు?

మూడోషిఫ్టు:
సొంత సెంటర్ అనేముందు 2006 మార్చిలో లండన్‌లో జరిగింది చూడండి. నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలోనే ఒక ప్రైవేటు సంస్థ పరీక్షల వార్డు నడిపేది. టీజీఎన్1412 అనే మందుని మొట్టమొదటిసారి మనుషులకి ఎక్కించారు. ఆరుగురికి అసలు మందు, ఇద్దరికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు. ఒకరికిచ్చి ఏమవుతుందో చూసి ఇంకొకరికి ఇవ్వాల్సింది, నిమిషాల తేడాతో వరసపెట్టి ఇచ్చేశారు. కాసేపటికే ఆరుగురికీ తలనొప్పి, వణుకు, ఆపైన అవయవాలు మొరాయించడం. ఒకతనికి చేతివేళ్ల కొసలు, కాలివేళ్లు పోయాయి, కానీ ఆరుగురూ బతికారు. ఐసీయూ పక్కనే ఉంది మరి. అదే ఊరి చివర షెడ్డులో అయ్యుంటే?

భద్రాద్రిపిల్ల:
ఐసీయూ ఉంటే చాలా? 2009లో మా ఖమ్మం జిల్లాలో బళ్లలో, హాస్టళ్లలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. ఎన్నో ఫారాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

మూడోషిఫ్టు:
టీకా తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు నిజమే, కానీ ఆ మరణాలకి టీకాయే కారణమని విచారణలో తేలలేదు కదండీ.

భద్రాద్రిపిల్ల:
టీకా చెడ్డదని నేనన్నానా? నా కూతురికి నేనే వేయిస్తా. అడక్కుండా వేశారన్నదే నా బాధ.

పాతకోఆర్డినేటర్:
ఒక ఆసుపత్రి ట్రయల్ యూనిట్‌లో ఆరేళ్లు చేశాను, పేరొద్దు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

బయటివాళ్లు మందు గురించి భయపడతారు. మా భయాలు వేరు. మందుల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. కరెంటు పోయి అలారం మోగితే రాత్రి రెండింటికైనా పరుగే. ట్రయల్‌లో ఉన్న పేషెంటు ఏ కారణంతో అడ్మిటైనా 24 గంటల్లో కబురు వెళ్లాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

రానిది ఒక్కటే, అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవడం. ఓపీలో మూడొందలమంది. పెద్ద డాక్టరుగారే ఆ ట్రయల్‌కి పీఐ, అంటే ప్రధాన పరిశోధకుడు. ఆయన "ఈ కొత్త మందు వాడదామమ్మా, ఫ్రీ" అనగానే పేషెంటు నా టేబుల్ దగ్గరికొచ్చి అడిగే మొదటి మాట "సంతకం ఎక్కడ పెట్టాలి?" ఫారం పద్దెనిమిది పేజీలు. తెలుగే, కానీ "యాదృచ్ఛికీకరణ" అని రాస్తే ఎవరికి ఎక్కుతుంది? నేనైతే "చీటీలు తీసినట్టు, మీకు ఏ మందు పడుతుందో డాక్టరుకీ తెలీదు" అని చెప్పేదాన్ని. అప్పుడు మొహాలు మారేవి. అదేంటి, నాకు సరిపడేది చూసి ఇవ్వరా అని. లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. నెలకి ఇంతమందిని చేర్చాలని లెక్క చెప్పేవాళ్లకి అది నచ్చేది కాదు, నాకు మాటలు పడ్డాయి.

రూల్సు లేకకాదు. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ట్రయల్‌కి ఒప్పుకోలు చెప్పే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగంమంది బయటివాళ్లు, అందులో మామూలు మనిషి ఒకరు. ట్రయల్ వల్ల మనిషి పోతే 8 లక్షలు మూలంగా పెట్టుకుని, వయసు, జబ్బు తీవ్రత కలిపి లెక్కకట్టే సూత్రం కూడా ఉంది. వయసు పెరిగేకొద్దీ డబ్బు తగ్గుతుంది, చిన్నాన్నగారికి చెప్పకండి. సమ్మతి వీడియో తీయాలని 2013లో అందరికీ పెట్టారు, 2015కల్లా కొన్ని ట్రయల్స్‌కే కుదించారు. 50 పడకలకి తక్కువున్నచోట ట్రయల్ వద్దని 2014లో అన్నారు, 2016లో అదీ తీసేసి కమిటీకి వదిలేశారు.

కాబట్టి నేను ఆసుపత్రిలోనే పెట్టమంటాను. కానీ వైద్యం చేసే డాక్టరు సమ్మతి అడక్కూడదు. ఫారం ఇంటికిచ్చి పంపాలి, ఆ రోజు సంతకం తీసుకోకూడదు.

మూడోషిఫ్టు:
2020లో కోవాగ్జిన్ మొదటి దశ పరీక్షల్లో మన నిమ్స్ కూడా ఉంది కదా, అప్పుడు ఏ గొడవా లేదే?

పాతకోఆర్డినేటర్:
వాళ్లు ఆరోగ్యవంతులు, తమంతట తాము వచ్చారు. వద్దంటే ఇంటికి పోతారు. మంచం మీదున్నవాడు వద్దని ఎక్కడికి పోతాడు?

తాటిముంజ:
ఇంకో పక్కా చూడండి. మా అత్తకి బ్లడ్ క్యాన్సర్. దానికి ఒక కొత్త మందు ట్రయల్ వేరే ఊళ్లో కార్పొరేట్ ఆసుపత్రిలో మాత్రమే ఉందన్నారు. వారంవారం వెళ్లడానికి చార్జీలు, ఆ ఊళ్లో అద్దె ఎక్కణ్ణుంచి తేవాలి? మన ఊళ్లో ఉంటే కనీసం అడిగేవాళ్లం.

భద్రాద్రిపిల్ల:
ఇది ఒప్పుకుంటా.

కాలవగట్టు:
అన్నీ చిన్నాన్నకి చదివి వినిపించా. "ఒద్దంటే షుగర్ మాత్రలు ఇస్తారా, ఇవ్వరా?" అంటున్నాడు.

పాతకోఆర్డినేటర్:
ఇవ్వాలి, ఆ మాట ఫారంలోనే ఉంటుంది తమ్ముడూ. కానీ రేపు నిజంగా ఫారం చేతికిస్తే, అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కూడా ఉంటుంది. సంతకానికి ముందు దానికి ఫోన్ చెయ్యి. ఎవరైనా ఎత్తితే మిగతాది మాట్లాడదాం.