డీటీపీ షాపు ల్యాప్‌టాప్: బాగు చేయించనా, కొత్తది కొననా?

తెనాలి డీటీపీ:

అందరికీ నమస్కారం. మాది తెనాలిలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పెళ్లి కార్డులు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు వేస్తాం. ప్లీడర్ గుమాస్తాలు తెచ్చే కాగితాలు టైపు చేస్తాం. రైతులు వస్తే ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, 1బీ కాగితాలు తీసిస్తాం. ఇదంతా ఒకే ల్యాప్‌టాప్ మీద. 2017లో కొన్నాను. ఐ5-7200యు ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, డీవీడీ డ్రైవ్ ఉన్న రకం. కంపెనీ పేరెందుకు లెండి, అప్పట్లో మా బజారులో సగం మంది అదే కొన్నారు.

ఎడమ పక్క హింజ్, అంటే మూత బందు, ఊడిపోయింది. మూత తెరిస్తే ఆ మూల ప్లాస్టిక్ నోరు తెరుచుకుని లోపలి వైర్లు కనపడుతున్నాయి. స్క్రీన్ వెనక్కి పడిపోకుండా ఏ4 పేపర్ రీము ఆనించి పని కానిస్తున్నాను. బ్యాటరీ సంగతి చెప్పక్కర్లేదు, కరెంటు పోతే కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌లో సేవ్ కొట్టుకునేంత టైమిస్తుంది, అంతే. ఇక స్లో. పొద్దున్నే ఆన్ చేసి, షాపు ఊడ్చి, అగరొత్తి వెలిగించి, టీ తాగొచ్చినా ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతమే.

రిపేర్ షాపులో చూపిస్తే హింజ్, ఎ ప్యానెల్ (స్క్రీన్ వెనక మూత) కలిపి 3,500, హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన 512 జీబీ ఎస్‌ఎస్‌డీ 5,500, 8 జీబీ ర్యామ్ 5,500, బ్యాటరీ 2,200, పని కూలి 800 అన్నాడు. మొత్తం 17,500. అన్నీ రాసిచ్చి, "ఇంకో పాతిక ముప్పై వేలు వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా మేడమ్" అని తనే అన్నాడు. బెంగళూరులో ఉండే మా అన్నయ్య కొడుకైతే "దాన్ని పారేయ్ అత్తా, విండోస్ 11 కూడా ఎక్కదు" అంటున్నాడు. వాడి మాట నిజమే, ఎక్కదని స్క్రీన్ మీదే వస్తోంది.

నా భయం వేరే. ఇందులో తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ అను 7, పేజ్‌మేకర్ 7 ఉన్నాయి. తొమ్మిదేళ్ల కార్డుల మ్యాటర్ ఉంది. "మా పెద్దమ్మాయి కార్డు ఎలా వేశారో చిన్నదానికీ అలాగే" అని వచ్చేవాళ్లే నాకు సగం బేరం. కొత్త మెషీన్‌లో ఇవన్నీ నడుస్తాయా? ఇప్పుడు అధిక జ్యేష్ఠం, జూన్ 15 దాకా పెళ్లిళ్లు లేవు. ఏం చేసినా ఈలోపే చేయాలి. తర్వాత ఒక్క రోజు మెషీన్ ఆగినా నాకు టెన్షనే.

బెజవాడ చిప్‌లెవెల్:

అక్కా, నేను చేసేదే రిపేర్లు. నా మాట కాస్త అటు మొగ్గుతుంది, ఆ లెక్కలోనే చదువుకోండి.

ముందు హింజ్ గొడవ పక్కన పెట్టండి. తొమ్మిదేళ్ల హార్డ్‌డిస్క్, పైగా ఎప్పుడూ 100 శాతం. ఈ రెండూ వింటే నాకు భయమేసేది మీ మ్యాటర్ గురించే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, వేసి చూడండి. నీలం రంగులో గుడ్ అని వస్తే సరే. పసుపు రంగులో కాషన్ అని వచ్చి, 05, సీ5, సీ6 లైన్ల దగ్గర చివరి గడిలో సున్నాలు కాకుండా ఏదైనా అంకె ఉంటే డిస్క్‌లో సెక్టార్లు, అంటే డేటా దాచే గడులు, పోతున్నాయన్నమాట. అలా వస్తే డీఫ్రాగ్, చెక్‌డిస్క్ లాంటివి నడపొద్దు. పోయే డిస్క్‌ని అవి ఇంకా రుద్దుతాయి. మ్యాటర్ ఫోల్డర్లు ముందు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, మిగతాది తర్వాత చూద్దాం.

ఇక ఆయన రాసిచ్చిన చీటీ. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, కానీ 512 దేనికి? పేజ్‌మేకర్ ఫైళ్లు ఎంతుంటాయి, ఫ్లెక్సీల ఫోటోషాప్ పని లేకపోతే మీకు 256 చాలు. మీ మోడల్ వయసు చూస్తే చిన్న చీటీలాంటి ఎస్‌ఎస్‌డీ పట్టే ఎం.2 స్లాట్ ఉండకపోవచ్చు, పాత హార్డ్‌డిస్క్ ఉన్న చోటే పట్టే 2.5 అంగుళాల సాటా రకం తీసుకోండి. మీ విండోస్, అను, పేజ్‌మేకర్ ఎలా ఉన్నవి అలాగే క్లోన్ చేసి, అంటే డిస్క్ మొత్తం నకలు తీసి, దించేయొచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లు డిస్క్ నంబరు చూసి లాక్ అవుతాయి, కాబట్టి పని అయ్యి నిక్కచ్చిగా అన్నీ తెరిచి చూసేదాకా పాత డిస్క్‌ని ఫార్మాట్ కొట్టనివ్వకండి.

8 జీబీ కొత్త ర్యామ్ వద్దు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం ఎగరేసుకుపోతుంటే మామూలు జనానికి రేట్లు మండిపోతున్నాయి. క్రూషల్ పేరుతో మనలాంటోళ్లకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో చెప్పేసింది. మీ దాంట్లో రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, తుక్కుకి వెళ్లే ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 4 జీబీ డీడీఆర్4 ముక్క ఒకటి అడగండి. ఏ రిపేర్ షాపు డ్రాయర్‌లోనైనా ఉంటుంది. పేజ్‌మేకర్‌కి ర్యామ్ అసలు అక్కర్లేదు, తినేదంతా క్రోమ్.

బ్యాటరీ కూడా వద్దు. షాపులో ఎటూ ప్లగ్‌లోనే ఉంటుంది, ఆ డబ్బు యూపీఎస్‌కి పెట్టండి. ఒక్కటి మాత్రం చూడండి: టచ్‌ప్యాడ్ పైకి లేచినా, బల్ల మీద పెడితే కిందిభాగం ఊగినా బ్యాటరీ ఉబ్బినట్టు. అప్పుడు తీయించేసి అడాప్టర్ మీదే నడపండి. దాన్ని గుచ్చడం, నొక్కి మూత బిగించడం, చెత్తబుట్టలో వేయడం చేయకండి.

హింజ్ గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది దీన్ని జిగురుతో అంటించి వదిలేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ హింజ్ లోపలి గ్రీజు ఎండి బిగుసుకుపోతుంది. మూత తెరిచినప్పుడల్లా ఆ బలమంతా ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్ల మీద పడి, అవి ప్లాస్టిక్‌తో సహా పెకిలి వచ్చేస్తాయి. కాబట్టి హింజ్ నట్టుని కొంచెం వదులు చేయకుండా కొత్త ప్యానెల్ వేసినా మళ్లీ విరుగుతుంది. విప్పినప్పుడు వదులు చేశారా లేదా అని అడగండి. రెండోది, డిస్‌ప్లే కేబుల్ ఆ హింజ్ పక్కనుంచే పోతుంది. ఇలాగే నోరు తెరిచి వాడుతుంటే ఒక రోజు కేబుల్ తెగి స్క్రీన్ మీద గీతలొస్తాయి, అప్పుడు బిల్లు పెరుగుతుంది.

హన్మకొండ మాజీ సపోర్ట్:

అన్న చెప్పింది రిపేర్ వరకు కరెక్టే. నేను వేరే వైపు నుంచి చెప్తా.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఒకటి ఉంది, అదీ 2026 అక్టోబర్ 13 వరకే, అంటే దసరాకి వారం ముందు ఆఖరు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి పోతే ఎన్‌రోల్ అని కనబడుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ పెడితే డబ్బులేం కట్టనక్కర్లేదు. ఇది ఇవాళే చేయండి అక్కా, రిపేర్ చేయించినా చేయించకపోయినా.

కానీ ఆ తర్వాత? విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా లెక్క. మీది ఏడోది, ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. దొడ్డిదారిన ఎక్కించేవాళ్లున్నారు గానీ, బ్యాంకు లావాదేవీలు చేసే షాపు మెషీన్‌లో ఆ పని నేనైతే చేయను. జనం ఆధార్, పట్టా పాస్‌బుక్కులు మీ చేతిలో పెడతారు.

నా సలహా, కొత్తదీ వద్దు. ఐటీ కంపెనీలు లీజు అయ్యాక తీసేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ బజారులో కుప్పలుగా దొరుకుతాయి. థింక్‌ప్యాడ్ టీ480, ల్యాటిట్యూడ్ 5490, ఎలైట్‌బుక్ 840 జీ5 లాంటివి. హింజ్‌లు గట్టివి, కీబోర్డ్ రోజంతా టైపు చేసేటోళ్ల కోసం చేసినట్టుంటది. అయితే ఈ మోడళ్లలో కూడా ఏడో తరం ప్రాసెసర్‌వి కలుస్తుంటాయి. ఐ5 స్టిక్కర్ చూసి మోసపోవద్దు, గీత తర్వాత అంకె చూడాలి. ఐ5-8250యు అంటే ఎనిమిది, ఐ5-10210యు అంటే పది.

కొనేముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్‌లోకి, పోయి పాస్‌వర్డ్ లేదని చూసుకోండి. విండోస్ మొదటిసారి ఆన్ అయ్యేటప్పుడు నెట్ కలిపి చూడండి. ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడిగితే అది ఇంకా ఆ కంపెనీ తాళంలోనే ఉన్నట్టు, వదిలేసి వచ్చేయండి. జీఎస్టీ బిల్లు, కనీసం కొన్ని నెలల షాపు వారంటీ కాగితం మీద తీసుకోండి. నోటి మాట వారంటీ మెట్లు దిగేదాకే.

తెనాలి డీటీపీ:

ఇద్దరికీ థాంక్స్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేశా. పసుపే. సీ5 లైన్‌లో సున్నాలు కావు. చూసినప్పటి నుంచి కడుపులో తిప్పుతోంది, మ్యాటర్ అంతా కాపీకి పెట్టాను.

హన్మకొండ తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగుంది గానీ నా అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ మెషీన్‌లో విండోస్ 11 మీద అను, పేజ్‌మేకర్ నడుస్తాయా? నడవకపోతే ఎంత గట్టి హింజ్ ఉన్నా నాకెందుకు?

గోదావరి ఆఫ్‌సెట్:

దీనికి జవాబు నేనిస్తానండి, మా ప్రెస్సులో ఆ రెండూ విండోస్ 11 మీదే ఉన్నాయి.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ ఎప్పుడో వదిలేసినా మన తెలుగు ప్రెస్సులు మాత్రం వదల్లేదు. 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి విండోస్ 11లోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక ప్రోగ్రామ్ ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి అడ్మినిస్ట్రేటర్‌గా తెరుచుకునేలా పెట్టుకోండి, లేకపోతే చిన్నచిన్నవాటికి సతాయిస్తుంది. అసలు తలనొప్పి ప్రింటర్ దగ్గర. ఇప్పుడొచ్చే చవక ప్రింటర్ల డ్రైవర్లకీ దీనికీ పడదు, మార్జిన్లు జరుగుతాయి. మేము పీడీఎఫ్ చేసుకుని అక్కణ్నుంచి ప్రింట్ ఇస్తాం. అను కూడా మాకు బాగానే నడుస్తోంది, అనులో ఉండే యాపిల్ అనే కీబోర్డ్ లేఅవుటే, చేతులకి తేడా తెలియదు. లైసెన్స్ కొత్త మెషీన్‌కి ఎలా మార్చుకోవాలో మాత్రం మీకు అమ్మినవాళ్లని మెషీన్ కొనకముందే అడగండి.

ఇంకోటి. అనులో కొట్టిన మ్యాటర్ యూనికోడ్, అంటే ఫోన్లలో మామూలుగా కనపడే తెలుగు, కాదు. ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు తప్ప ఏమీ కనపడదు. అందుకని మళ్లీ మళ్లీ అడిగే కార్డులకి పేజ్‌మేకర్ ఫైల్‌తో పాటు పీడీఎఫ్ కూడా దాచుకోండి. రేపు ఏ మెషీన్ ఉన్నా, ఫోన్‌లోనైనా తెరిచి "ఇదేనా అండీ?" అని చూపించొచ్చు. మేము ఇంటిపేరు, ఊరు, సంవత్సరం పెట్టి సేవ్ చేస్తాం. "కార్డు కొత్తది ఫైనల్ 2" అని పేరు పెట్టిన ఫైల్ ఏ పెళ్లిదో దేవుడికే ఎరుక.

నేనైతే పాతదాన్ని తీసేయను. నెట్ పీకేసి అను, పేజ్‌మేకర్ కోసమే ఒక మూల ఉంచుతాను. మీభూమి, బ్యాంకు పనులు వేరే మెషీన్‌లో.

తెనాలి డీటీపీ:

పని అయింది, ఏం చేశానో రాస్తున్నా. ఇంకెవరికైనా పనికొస్తుంది.

256 ఎస్‌ఎస్‌డీ వేయించాను. క్లోన్ మధ్యలో ఆగిపోతే బ్యాడ్ సెక్టార్లు వదిలేసి ముందుకు పోయే పద్ధతిలో మళ్లీ పెట్టారు, రాత్రంతా నడిచింది. 2019 ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు రాలేదు, మిగతావన్నీ వచ్చాయి. అను, పేజ్‌మేకర్ ఏమీ అడక్కుండా తెరుచుకున్నాయి. విప్పినప్పుడు చూస్తే రెండో ర్యామ్ స్లాట్ ఖాళీయే, 4 జీబీ పాత ముక్క వేయించుకున్నా. బ్యాటరీ ఉబ్బలేదు, అలాగే ఉంచాను. ఆన్ చేశాక ఊడవడానికి చీపురు అందుకునేలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. మా అన్నయ్య కొడుక్కి వీడియో తీసి పంపాను.

అక్టోబర్ దాకా అప్‌డేట్లకి ఎన్‌రోల్ అయ్యాను. నిజ జ్యేష్ఠం, శ్రావణం బేరాలు అయ్యాక సీటీసీకి వెళ్లి ఎనిమిదో తరమో ఆ పైదో ఒకటి తెచ్చుకుంటాను. మీభూమి, డబ్బుల పనులు అందులోకి మారతాయి. గోదావరి గారన్నట్టు ఇది నెట్ లేకుండా కార్డులకే ఉంటుంది. రెండు మెషీన్ల ఖర్చు కదా అని మా వారు గొణిగారు. కొత్తది కొంటే అయ్యే దానికంటే రెండూ కలిపి తక్కువేనని కాగితం మీద వేసి చూపించాక ఊరుకున్నారు.

హింజ్ ఒక్కటి మిగిలింది. మా ఊళ్లో ఎ ప్యానెల్ దొరకలేదు. బెజవాడ తమ్ముడూ, నీ దగ్గర ఉంటుందా?

బెజవాడ చిప్‌లెవెల్:

ఉండొచ్చు అక్కా. మోడల్ పేరొక్కటే చెబితే చాలదు, ఒకే మోడల్‌లో టచ్ స్క్రీన్ దానికి ప్యానెల్ వేరు, మామూలు దానికి వేరు. కిందివైపు స్టిక్కర్, విరిగిన మూల, హింజ్ కనపడేలా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. సీరియల్ నంబరు మీద వేలు అడ్డం పెట్టండి. ఇత్తడి నట్లు ఊడిపడి ఉంటే లోపల వదిలేయకండి, అవి బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. ప్యానెల్ దొరికేదాకా మూత మూయకుండా తెరిచే ఉంచండి. స్క్రీన్ కదపాల్సి వస్తే ఎడమ మూల పట్టుకోకుండా పైన మధ్యలో పట్టుకోండి.