అప్‌డేట్: మా లాప్‌హుండ్ కుక్కకి గుండు కొట్టించలేదు

మార్చిలో అడిగాను కదా: ఫిన్లాండ్‌లోని ఔలులో ఉంటాం, మా రెండేళ్ల ఫిన్నిష్ లాప్‌హుండ్ సైకిల్ కనిపిస్తే చాలు మొరుగుతున్నాడు, ఇల్లంతా బొచ్చు, ఎండాకాలానికి గుండు కొట్టించేయనా అని.

కొట్టించలేదు. వద్దన్న వాళ్లందరికీ థాంక్స్. వీడికి రెండు పొరల బొచ్చు. పైపొర వానని, మంచుని ఆపుతుంది, లోపలి మెత్తటి పొర చలి నుంచి కాపాడుతుంది. గొరిగితే మళ్లీ సరిగా పెరగకపోవచ్చట. మే నెలలో లోపలి పొర ఊడడం మొదలైంది. స్నానం చేయించి, బాగా ఆరబెట్టి, పొడుగు పళ్ల దువ్వెనతో మూడు వారాలు రోజూ దువ్వాను. వీడియో కాల్‌లో చూసి అమ్మ "ఏంట్రా, పత్తి ఏరుతున్నావా?" అంది.

మొరుగుడు మాత్రం సగమే తగ్గింది. ఇక్కడి ఉత్తరాది ఆదివాసులైన సామీల రెయిన్‌డీర్ మందల్ని మొరిగి తోలిన జాతి, పూర్తిగా మానమంటే ఎలా! సైకిల్ ఇంకా దూరంలో ఉండగానే పిలిచి, నా వైపు చూస్తే మాంసం ముక్క పెడుతున్నా. సాయంత్రాలు గడ్డిలో తిండి దాచి వెతికిస్తున్నా. గంట నడక కన్నా దానికే ఎక్కువ అలిసిపోతున్నాడు.

అన్నట్టు, ఫిన్నిష్‌లో "హిల్యా" (నిశ్శబ్దంగా ఉండు) అంటే వినడు. "ఊరుకోరా" అంటే టక్కున ఆగుతాడు.