ఎఫ్‌ఏ కప్ ఫైనల్ స్క్రీనింగ్: హాలు టైము, వాలంటీర్ల పనులు

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో క్లబ్బు జట్లు ఆడే ఫుట్‌బాల్ పోటీ, ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌ని ఈసారి హాల్లో పెద్ద తెర మీద అందరం కలిసి చూద్దామని మొన్న మీటింగులో అనుకున్నాం కదా, ఎవరు ఏం చేస్తారో ఇక్కడే తేల్చుకుందాం, వాట్సాప్‌లో పెడితే రెండో రోజుకే ఏ మెసేజ్ ఎక్కడుందో దొరకడం లేదు. సెమీఫైనల్స్ ఇంకా అవలేదు కాబట్టి ఏ జట్లు వస్తాయో తెలియదు. హాలు, తెర, మనుషులు మాత్రం ఇప్పుడే తేలాలి.

ముందు హాలు సంగతి. ఆట మొదలైన దగ్గర్నుంచి రెండున్నర గంటలకి బుక్ చేశామని కోశాధికారి గారు రాశారు. అది చాలదండీ. రెండు సగాలు, మధ్యలో 15 నిమిషాల విరామం, గాయాలకీ మార్పులకీ కలిపే నిమిషాలు, వీటికే రెండు గంటలు అవుతాయి. స్కోరు సమానమైతే ఇంకో రోజు మళ్లీ ఆడించడం ఇప్పుడు లేదు, ఫైనల్‌కి చివరి రీప్లే 1993లో ఆర్సెనల్‌కీ షెఫీల్డ్ వెన్స్‌డేకీ జరిగింది. ఇప్పుడంతా అదే సాయంత్రం తేలాల్సిందే. అంటే ఇంకో 30 నిమిషాల అదనపు ఆట, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు, అంటే రెండు జట్లూ వంతులవారీగా గోల్‌కీపర్ ఒక్కడి మీదకి కొట్టే కిక్‌లు. ఆ తర్వాత గెలిచినవాళ్లు వెంబ్లీ స్టేడియంలో 107 మెట్లెక్కి, ప్రముఖులు కూర్చునే రాయల్ బాక్స్ దగ్గర కప్పు అందుకుంటారు, పిల్లలు ఎదురుచూసేది దానికోసమే. మూడున్నర గంటలు ఉండాలి, సర్దుకోవడానికి ఇంకో అరగంట.

2022 ఫైనల్‌ రోజు ఏం జరిగిందో అప్పుడు వచ్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. చెల్సీ, లివర్‌పూల్ 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు, సరిగ్గా పెనాల్టీల వేళకి మన హాలు టైము అయిపోయింది, తర్వాత బుక్ చేసుకున్నవాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు, వాళ్ల తప్పేమీ లేదు. మనం ప్రొజెక్టర్ ఆపేసి కుర్చీలు మడతపెట్టాం. పిల్లలందరూ కార్ పార్కింగులో ఒక్క ఫోన్ చుట్టూ మూగారు. చెల్సీ ఆటగాడు అజ్‌పిలిక్వెటా కొట్టిన బంతి స్తంభానికి తగలడం చూశారు, లివర్‌పూల్ మానే కిక్‌ని చెల్సీ గోల్‌కీపర్ మెండీ ఆపడం చూశారు, చెల్సీ మౌంట్ కిక్‌ని లివర్‌పూల్ గోల్‌కీపర్ అలిసన్ ఆపడమూ చూశారు, తీరా లివర్‌పూల్ ఆటగాడు సిమికాస్ పరుగెత్తుకొస్తుండగా బొమ్మ ఆగిపోయింది. లివర్‌పూల్ గెలిచిందని మాకు తెలిసింది ఎదురింట్లో అరుపులు విని. మావాడు ఇంటికెళ్లేదాకా నోరు విప్పలేదు. ఈసారి అలా జరగనివ్వను.

కోశాధికారి:
అర్థమైంది. అదనపు గంటకి అద్దె కట్టాలి, దానికి రాఫిల్ (లాటరీ టికెట్ల) డబ్బులు వాడొచ్చా? ఎంట్రీ టికెట్ పెడితే ఇబ్బంది ఉండదు కదా?

సమన్వయకర్త:
టికెట్ వద్దండీ. డబ్బులు తీసుకుని టీవీ ప్రసారం చూపిస్తే లైసెన్సుల వ్యవహారం వేరేగా ఉంటుంది. ప్రవేశం ఉచితం అనే పోస్టర్‌లో రాద్దాం. హాలుకి టీవీ లైసెన్స్ ఉందో లేదో మేనేజర్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట చాలదు. అదనపు అద్దె కోసం నేనూ ఇంకో ముగ్గురూ తలా కొంత వేసుకుంటాం, రాఫిల్ డబ్బులు పిల్లల తెలుగు తరగతికే ఉండనివ్వండి.

సాంస్కృతిక విభాగం:
అన్నా, హాఫ్ టైములో పిల్లల డాన్సులు రెండు పెట్టుకున్నాం, తర్వాత సన్మానం. మార్చమంటే తల్లులు బాధపడతారు.

సమన్వయకర్త:
అక్కా, డాన్సులు తప్పకుండా ఉండాలి, కానీ ఆట మొదలవక ముందు. 15 నిమిషాల్లో మైకు పెట్టి, పాట ఎక్కించి, పిల్లల్ని వేదిక మీదకి తెచ్చేసరికే రెండో సగం మొదలైపోతుంది, అప్పుడు డాన్స్ చేసే పిల్లల్ని ఎవరూ చూడరు, అది వాళ్లకే అన్యాయం. ఆటకి గంటన్నర ముందు పెడితే హాలంతా వాళ్లనే చూస్తుంది. సన్మానం ఆ రోజు వద్దు, ఉగాదికి చేసినట్టు ఇంకో రోజు తీరిగ్గా చేద్దాం. ఇంకో మాట, జట్లు మైదానంలోకి రాకముందు ఒక ప్రార్థనా గీతం పాడతారు, 1927 నుంచి వస్తున్న ఆనవాయితీ, స్టేడియం మొత్తం గొంతు కలుపుతుంది. ఆ సమయంలో మన మైకు ఆపి, తెర సౌండ్ పెంచాలి.

వంటల టీమ్:
హాఫ్ టైములో భోజనం పెట్టాలా, తర్వాతా?

సమన్వయకర్త:
ముందే పెట్టేయండి. ఎనభై మంది క్యూ 15 నిమిషాల్లో అవదు, చేతిలో ప్లేటుతో గోల్ చూడలేకపోయానని ఎవరూ అనకూడదు. పులిహోర, పెరుగన్నం ముందుగా, హాఫ్ టైములో టీ, సమోసా మాత్రం. మిగతాది మీ ఇష్టం.

తెర, సౌండ్ చూసే వాలంటీర్:
నా ల్యాప్‌టాప్ నుంచి ఇంటర్నెట్‌లో పెట్టేస్తాను, కేబుల్ ఒక్కటి చాలు.

సమన్వయకర్త:
తమ్ముడూ, దాన్ని రెండో దారిగా ఉంచు. ఇంటర్నెట్‌లో వచ్చేది మామూలు టీవీ ప్రసారం కంటే వెనకబడి ఉంటుంది. హాలు పక్కనే పబ్ ఉంది, వాళ్లు అరిచాక మనకి గోల్ కనబడితే ఇంక చూడటం ఎందుకు? ఎఫ్‌ఏ కప్ ఫైనల్ ఇక్కడి బ్రిటన్ చట్టం ప్రకారం ఉచిత చానెళ్లకి అందుబాటులో ఉంచాల్సిన పోటీల జాబితాలో ఉంది, కాబట్టి యాంటెన్నాతో వచ్చే ఫ్రీవ్యూ పెట్టె సరిపోతుంది. హాలు గోడకి యాంటెన్నా సాకెట్ ఉందో లేదో ముందే చూడాలి. ఫోన్లలో స్కోరు నోటిఫికేషన్లు కూడా ఆపేయమని మైకులో చెబుదాం.

యూత్ వాలంటీర్:
అంకుల్, క్విజ్ నేను చేస్తాను. ప్రశ్నలు పెద్దవాళ్లకి కూడా అర్థమయ్యేలా ఉండాలా?

సమన్వయకర్త:
అవును, ముఖ్యంగా వాళ్లకే. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు చాలామంది ఉంటారు, వాళ్లకి క్రికెట్ తెలుసు, అక్కడి నుంచే మొదలుపెట్టు. మొట్టమొదటి ఫైనల్ 1872 మార్చి 16న జరిగింది ఎక్కడనుకున్నారు, మన టెస్టులు జరిగే లండన్ ఓవల్ మైదానంలోనే. వాండరర్స్ అనే జట్టు 1-0తో రాయల్ ఇంజనీర్స్ జట్టు మీద గెలిచింది, చూడ్డానికి వచ్చింది రెండు వేల మంది. అక్కడి నుంచి 1923కి రా. వెంబ్లీలో మొదటి ఫైనల్, లెక్కలోకి వచ్చినవాళ్లే 1,26,047 మంది, గోడలు దూకి వచ్చినవాళ్లు వేరే. జనం మైదానం నిండా నిలబడితే బిల్లీ అనే గుర్రం మీద ఒక పోలీసు మెల్లగా వాళ్లని గీత అవతలికి జరిపాడు, అప్పటి నుంచి దాన్ని తెల్లగుర్రం ఫైనల్ అంటారు. తాతయ్యలకి ఇది చెప్పు, ఇంకేం చెప్పక్కర్లేదు.

1956 కూడా పెట్టు. మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్ ట్రౌట్‌మన్ మెడ ఎముక విరిగినా చివరిదాకా ఆడాడు, విరిగిందని ఆ తర్వాత పరీక్షల్లో బయటపడింది.

నాకు మాత్రం ఈ కప్పు అంటే ప్రాణం చిన్న జట్ల వల్ల. 1973లో కింది స్థాయి అయిన రెండో డివిజన్‌లో ఉన్న సండర్‌లాండ్ లీడ్స్‌ని 1-0తో ఓడించింది. 1988లో వింబుల్డన్ లివర్‌పూల్‌ని ఓడించినప్పుడు వాళ్ల గోల్‌కీపర్ బీసాంట్ పెనాల్టీ ఆపాడు. 2013లో విగాన్ మాంచెస్టర్ సిటీని చివరి నిమిషాల్లో ఓడించి, మూడు రోజులకే ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి పడిపోయింది, అయినా ఆ కప్పు వాళ్లదే. 2025లో క్రిస్టల్ ప్యాలెస్ గెలిచిన సంగతి మన పిల్లలే చెబుతారు, ఎజె గోల్, గోల్‌కీపర్ హెండర్సన్ ఆపిన పెనాల్టీ, క్లబ్బు చరిత్రలో మొదటి పెద్ద ట్రోఫీ. నాలుగు ప్రశ్నలు చాలు, ఆలస్యం చేయొద్దు.

ఒక తల్లి:
మా ఇద్దరు పిల్లలు చెరో జట్టు. పోయినసారి ఇంట్లో ఏడుపులు. ఎలా కూర్చోబెడతారు?

సమన్వయకర్త:
జట్లు తేలాక హాలుని రెండుగా విడదీయకుండా కలిపే కూర్చోబెడదామమ్మా. ఓడినవాళ్ల పక్కన పెద్దవాళ్లు ఎవరైనా ఉండాలి, ముఖ్యంగా పెనాల్టీలకి వెళ్తే. ఇక్కడ పుట్టిన పిల్లలు మన సంక్రాంతికి వచ్చి ముగ్గులు నేర్చుకున్నారు, వాళ్లకి ఇష్టమైన రోజున మనం వాళ్ల పక్కన కూర్చోవాలనే నాకుంది. అమ్మమ్మలకి ఆఫ్‌సైడ్ నియమం గురించి చెప్పేందుకు ముందు వరసలో ఇద్దరు యూత్ కావాలి, ఓపికున్నవాళ్లు.

హాలు మేనేజర్‌కి రేపు పొద్దున నేను ఫోన్ చేస్తాను. ఈ శనివారం తెర, యాంటెన్నా పరీక్షకి ఎవరు వస్తారో రాయండి, నిచ్చెన కూడా కావాలి.

యూత్ వాలంటీర్:
నేను వస్తాను అంకుల్. నిచ్చెన లేదు కానీ పొడుగు ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంది, తెస్తాను.

కోశాధికారి:
నిచ్చెన మా గరాజ్‌లో ఉంది. హాలు మూడున్నర గంటలు కాదు, నాలుగు గంటలకి అడగండి.